గడప దాటని పిల్లి

గడియ పడింది. పడిందని తెలిసి కూడా ప్రవళిక ఇంకోసారి చేత్తో తడిమి చూసుకుంది. ఆ తర్వాతే పడకగది తలుపుకు వీపు ఆనించి, ఆరో నెల కడుపును ఒక చేత్తో పట్టుకొని, మెల్లగా నేలమీద కూర్చుంది. ఎడమచేతి బొటనవేలి కింద కండలో లోతైన పంటిగాట్లు. కూర్చోకముందే, గదిలోనే ఉన్న బాత్రూంలో నల్లా కింద పెట్టి బట్టల సబ్బుతో కడిగింది, మళ్ళీ కడిగింది, చెయ్యి మొద్దుబారేదాకా కడిగింది. అయినా రక్తం ఊరుతూనే ఉంది. తలుపుకు అవతల హాల్లో గవ్వ ఉంది. గవ్వ వాళ్ళు పెంచుకుంటున్న పిల్లి. పాలగిన్నె పెట్టడానికి వంగితే చప్పుడు లేకుండా వచ్చి చెయ్యి పట్టింది. విదిలించినా వదలకుండా వేలాడింది. గోడకు తగిలి కిందపడి, లేచి, అరుపు విని వంటింట్లోంచి తొంగిచూసిన అత్త శ్యామలమ్మ మీదికి ఉరికింది. ఆమె వంటింటి తలుపు వేసుకుంది, ఈమె పడకగది తలుపు వేసుకుంది. మధ్యలో హాలు, హాల్లో పిల్లి, పిల్లికి అవతల బయటి తలుపు. ఇంట్లోంచి బయటపడే దారి అదొక్కటే.

“కరిసిందా బిడ్డా?” వంటింటి తలుపు వెనక నుంచి అత్త గొంతు.

“కరిసింది అత్తమ్మా. చేతికి.”

“రక్తమొచ్చిందా?”

“వచ్చింది.”

“జర పసుపు అద్దుకో” అంది శ్యామలమ్మ. అన్నాక గుర్తొచ్చినట్టుంది, పసుపు డబ్బా తన దగ్గరే వంటింట్లో ఉందని.

మధ్యాహ్నపు ఎండకు నల్లగొండ మొత్తం తలుపులు మూసుకొని పడుకుంది. మేడమీది ఇల్లు కాబట్టి గోడలు పెనం లాగా కాలుతున్నాయి. హాల్లో కూలర్ తిరుగుతూనే ఉంది, దాని చప్పుడు కింద ఇంకో చప్పుడు, గోళ్ళతో బండను గీకుతున్నట్టు, ఆగి, మళ్ళీ గీకుతున్నట్టు. అప్పుడప్పుడు ఒక అరుపు. అది గవ్వ అరుపని అనుకోవడానికి ప్రవళిక మనసు ఒప్పుకోలేదు. గవ్వ గొంతు సన్నటిది, పొద్దున్నే చెవిదగ్గరకు వచ్చి గుసగుసలాడే గొంతు. ఇది జలుబు పట్టిన ముసలివాడు ఎవరినో పిలిచి పిలిచి విసిగిన గొంతు. నిన్నా మొన్నా మంచం కిందినుంచి రాలేదు, తినలేదు, నోట్లోంచి సొంగ కారింది. ఎండలకు అట్లనే ఉంటది అనుకున్నారు. కూలర్‌ను దాని వైపు తిప్పారు. పాపం, దానికి వేడి చేసిందని మజ్జిగ పోశారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మజ్జిగ గిన్నెవైపు అది చూసిన చూపు, మెడ వెనక్కి పెట్టుకొని, గిన్నె తనను కొడుతుందేమో అన్నట్టు. చూసింది ప్రవళిక. చూసి, ఏదో గుర్తుకు రాబోతుంటే, రానివ్వకుండా గిన్నె తీసేసింది.

తన ఫోను హాల్లో టీవీ పక్కన చార్జింగులో ఉంది. అత్త దగ్గర మాత్రం ఎప్పుడూ బొడ్డున దోపుకునే బటన్ల ఫోను ఉంది. అది నొక్కుతున్న చప్పుడు, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క కూత. ప్రవళిక భర్త నాగేందర్ తెల్లవారకముందే డీసీఎం లారీలో వడ్లు నింపుకొని మిర్యాలగూడ మిల్లుకు పోయాడు. ఎత్తడం లేదు. మళ్ళీ మీటలు. ఈసారి ఎత్తినట్టున్నాడు, అత్త ఏదో గొణుగుతోంది, ఏడుపును మాటల్లోకి రానివ్వకుండా.

“మిల్లు కాడ బండ్లు వరుస కట్టినయట. పొద్దుగూకేసరికి వస్తడట. అందాక తలుపులు తియ్యొద్దన్నడు.”

“కింద ఓనర్‌ను పిలువు అత్తమ్మా.”

“వద్దు. పిచ్చి పిల్లి అంటే రేపే ఇల్లు ఖాళీ చేయిస్తడు. నాగేందర్ వస్తడు గదా, ఓపిక పట్టు.”

ఓపిక. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో అందరూ ఆమెకు ఇస్తూ వచ్చింది ఆ మాటే. మొదటి కడుపు పోయినప్పుడు, రెండోది పోయినప్పుడు. ఈసారి డాక్టరమ్మ మెట్లు దిగొద్దు, బరువు ఎత్తొద్దు అని చెప్పిన రోజు నుంచి శ్యామలమ్మ ఆ మాటను ఇంకాస్త పెంచింది. కిటికీ దగ్గర నిలబడొద్దు, దిష్టి. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కొద్దు, గాలి. గడప దాటొద్దు. ప్రవళిక కేతేపల్లిలో గొర్ల మంద వెనక పెరిగిన పిల్ల. వాన వస్తే తడిసింది, ఎండ కొడితే కాలింది, సాయంత్రమైతే ఎక్కడున్నా కాళ్ళు వాటంతట అవే దొడ్డి వైపు నడిచేవి. ఇక్కడ ఆ కాళ్ళు హాలు నుంచి వంటింటికీ, వంటింటి నుంచి మంచానికీ. నాగేందర్ అది చూడలేకే ఒకరోజు మిల్లులో పుట్టిన పిల్లికూనను అంగీ జేబులో వేసుకొని తెచ్చాడు. తెల్లటి ఒళ్ళు, వీపుమీద గోధుమరంగు మచ్చలు, బోర్లాపెట్టిన గవ్వలాగా. అది కూడా ఆ రోజు నుంచి ఈ గడప దాటలేదు. ఇద్దరూ కిటికీ ఊచల దగ్గర కూర్చొని రోడ్డు చూసేవాళ్ళు. చింతపండు బండి పోయేది, బడి ఆటో పోయేది. గవ్వ తోక ఆమె మోకాలిమీద అటూ ఇటూ కదిలేది. అంత మెత్తటిది ఇంత గట్టిగా కరుస్తుందా. చెయ్యి సలుపుతోంది. దాని పళ్ళు ఎంత చిన్నవి, ఆవాలు గుచ్చినట్టుండేవి ఆటలో కొరికితే.

సూది వేయించాల్సింది. ఆ మాట ఇంట్లో ఒకసారి వచ్చింది కూడా. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించడానికి నాగేందర్ దాన్ని బుట్టలో పెట్టుకొని పశువుల దవాఖానకు పోయి వచ్చాడు. పిచ్చికుక్క జబ్బు రాకుండా సూది కూడా వేయించాలంట, మళ్ళోసారి తీసుకరమ్మన్నరు అని చెప్పాడు, కాళ్ళు కడుక్కుంటూ. శ్యామలమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే నవ్వింది. “గడప దాటని పిల్లికి పిచ్చెట్ల వస్తదిరా? గాలికొస్తదా?” ఆ మాటలో తప్పు ఎవరికీ కనిపించలేదు. నాగేందర్‌కు కూడా నవ్వొచ్చింది. ఆ ‘మళ్ళోసారి’ మళ్ళీ రాలేదు. పిల్లి గడప దాటలేదు, నిజమే. గడపే గట్టిది అనుకున్నారు. కిటికీ సంగతి ఎవరికి తట్టింది? వంటింటి వెనక బట్టలుతికే జాగాకు ఊచల కిటికీ ఉంది. నెల కిందనో, ఇంకాస్త ముందో, సజ్జామీది నుంచి నడుచుకుంటూ వచ్చిన ఒక ఊరపిల్లి ఊచల్లోంచి పంజా పెట్టింది. గవ్వ ఇటునుంచి ఎగిరింది. రెండూ ఊచలకు వేలాడి కొట్టుకున్నాయి. శ్యామలమ్మ చీపురు విసిరితే ఆ ఊరపిల్లి సజ్జామీద తూలుకుంటూ, కాళ్ళు తడబడుతూ పోయింది. తాగినోని లెక్క పోతాంది సూడు అని నవ్వారు కూడా. గవ్వ చెవి చిరిగింది. పసుపు పెట్టారు. మానిపోయింది. మానిపోయింది అనుకున్నారు.

ఐలేశం మామ చెయ్యి కూడా అట్లాగే మానిపోయింది.

రానివ్వకుండా ఆపినది వచ్చేసింది. అమ్మకు తమ్ముడు ఐలేశం మామ. ఏటా మందను తోలుకొని అచ్చంపేట దాటి నల్లమల అంచుదాకా పోయేవాడు, గడ్డి ఉన్నన్నాళ్ళు అక్కడే ఉండేవాడు. వచ్చేటప్పుడు ప్రవళికకు అడవిలో దొరికే చిటిమిటి కాయలో, తేనెపట్టు ముక్కో తెచ్చేవాడు. ఆ ఏడు మాత్రం మంద కాపలా కుక్కను నక్క కరిచింది. పుండుకు గుడ్డ కట్టబోతే కుక్క మామ చెయ్యి కొరికింది. తను పెంచిన కుక్క, చేతిలో అన్నం తిన్న కుక్క. అమ్మ గోపమ్మ కాళ్ళావేళ్ళా పడింది, దవాఖానకు పో తమ్మీ అని. “బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులంట అక్కా, సచ్చినా పోను” అని నవ్వాడు. ఎవరో పసరు పోశారు, పథ్యం చెప్పారు. పుండు మానింది. వానలు పడ్డాక ఒక పొద్దున మొహం కడుక్కోబోయి చెంబు విసిరేశాడు. నీళ్ళు చూస్తే గొంతు పట్టుకుంటున్నాడని అమ్మ ఏడ్చింది. ఆ తర్వాత గొర్ల దొడ్డి పక్క గదిలో ఆయనను పెట్టి బయటినుంచి గడియ వేశారు. పెద్దవాళ్ళందరూ దూరంగా నిలబడ్డారు, ఎవరూ ఆ జబ్బు పేరు అనలేదు. ప్రవళిక మాత్రం తలుపు దగ్గరికి పోయింది. చెక్కల మధ్య సందులో మామ కన్ను కనిపించింది, ఎప్పటి మామ కన్నే. “ప్రవళికా, గడియ తియ్యి బిడ్డా. నేను నిన్నేమంటనే?” ఎంత మంచిగా అడిగాడు. ఆమె చెయ్యి గడియదాకా పోయింది. అమ్మ వెనకనుంచి వచ్చి నడుము పట్టుకొని ఎత్తుకుపోయింది. దూరం నుంచి కూడా వినిపించింది, గొర్లను పిలిచే ఊళ, మందంతా చెదిరిపోయినట్టు, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి వెనక్కి పిలుస్తున్నట్టు. చీకటి పడ్డాక ఆగిపోయింది.

ఇప్పుడు తను తలుపుకు ఏ వైపున ఉంది? లోపలా, బయటా? గడియ తనే వేసుకుంది. రేపో, ఇంకో నెలకో, తన చేతిలోని గాట్లు కూడా మానిపోయాక, వేరేవాళ్ళు వేస్తారా? కడుపులో బిడ్డ కాలు తన్నింది, కుడివైపు పక్కటెముక కింద, గట్టిగా. అక్కడ చెయ్యి పెట్టుకుంది. ఇది ఇంకా లోపలి గది. దానికి తలుపే లేదు. నా రక్తమే దాని నీళ్ళు, నా భయమే దాని గాలి. నాకు వచ్చిందంటే దాని సంగతి? గోళ్ళ చప్పుడు దగ్గరికి వచ్చింది. తలుపు కింది సందులో ఒక నీడ ఆగింది. ఊపిరి, గురగుర, చెక్కను కొరుకుతున్న చప్పుడు. ఆమె కాళ్ళు ముడుచుకుంది. గవ్వా, అనబోయింది. నీడ పోయింది.

“అత్తమ్మా! నేను దవాఖానకు పోవాలె.”

“నాగేందర్ రానీయి బిడ్డా. పసరు పోసేటోళ్ళు ఉంటరు, అడుగుదాం. దవాఖాన మాత్రం వద్దు.”

“పసరు మా మామకు గూడ పోసిండ్రు. ఏమైండో నీకు చెప్పలేదా?”

“చెప్పినవ్. కానీ నువ్వు కడుపుతోని ఉన్నవ్.”

“అందుకే పోవాలంటున్న.”

“ఎట్ల పోతవే!” శ్యామలమ్మ గొంతు ఒక్కసారి పగిలింది. “బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు గుచ్చుతరు. నేను సూడలేదా, మా వాడకట్టుల ఒకామెకు కడుపు కుండ లెక్క ఉబ్బింది. నీ కడుపుల పాణమున్నది. సూది లోపలికి పోయి బిడ్డకు తగిలితే? ఇప్పటికే రెండు పోయినయ్. ఇది గూడ పోతే నువ్వు బతుకవ్, నా కొడుకు బతుకడు. పానగల్ సోమన్నకు ముడుపు కట్టిన, ఈ ఒక్కటి నిలబెట్టు సామీ అని.”

ఇన్ని నెలలుగా ఈ ఇంట్లో తనమీద పడుతున్న వద్దులన్నీ ఒక్క క్షణం ప్రవళిక కళ్ళముందు వేరే రూపంలో కనిపించాయి. ఇన్నాళ్ళు అవి గొలుసులు అనుకుంది. కానీ గాలికి ఆరిపోకుండా ఆ ముసలామె చేతులు అడ్డంపెట్టి కాస్తున్న దీపం ఉంది అక్కడ. అయినా ఊపిరాడటం లేదు. చేతులు ఎంత దగ్గరగా పెడితే దీపానికి అంత ఊపిరాడదు. మామను ఆపింది కూడా ఆ పద్నాలుగు సూదులే కదా, ఎక్కడో విన్నవి, ఎన్నడూ చూడనివి.

“అత్తమ్మా, గవి పాతకాలం సూదులు. ఇప్పుడు కడుపు ముట్టరు. జబ్బకే ఇస్తరు.”

“ఎవలు చెప్పిండ్రు?”

“కింద పోర్షన్ స్వరూపక్కను కుక్క కరవలే? జబ్బకు సూది వేయించుకొని వచ్చి, ఆ రోజే మనకు అంబలి పంపింది గదా. నువ్వే తాగి బాగుందన్నవ్.”

శ్యామలమ్మ గుర్తు చేసుకుంటోంది. “మరి కడుపుతోని ఉన్నోళ్ళకు?”

ఏం కాదని అబద్ధం చెప్పడానికి ప్రవళికకు నోరు రాలేదు. “నాకు తెల్వదు. డాక్టర్‌ను అడుగుదాం. అడిగినంక నువ్వు వద్దంటే అప్పుడు చూద్దాం.”

కూలర్‌లో నీళ్ళు అయిపోయినట్టున్నాయి, చప్పుడు మారింది, పొడిగా, గరగరా. ఆ చప్పుడులో అత్త మాట వచ్చింది, ఎంత మెల్లగా అంటే తలుపుకు చెవి ఆనిస్తేగానీ వినిపించలేదు.

“నన్ను గూడ పట్టింది బిడ్డా.”

“ఏంది?”

“మొన్న పొద్దున. మంచం కిందికెల్లి గుంజుదామని చెయ్యి పెట్టిన. మోచేయి కింద గీరింది. పన్ను గూడ దిగింది.”

మొన్నటి నుంచి ఈ ఉక్కలో కూడా కొంగు చెయ్యి నిండా కప్పుకొని తిరుగుతోంది. వంట చేస్తూ తీయలేదు, పడుకున్నా తీయలేదు. చూసింది తను, చూస్తూనే ఉంది. “ఎందుకు చెప్పలే అత్తమ్మా?”

“ఏమని చెప్పాలె. గడప దాటని పిల్లికి పిచ్చి రాదన్నది నేనే గదా. చెప్తే మీరు దాన్ని బయట పడేస్తరు, నీకు అదొక్కటే తోడు. నేను ముసల్దాన్ని, ఎట్లయితే గట్లయితది అనుకున్న.” ఆగింది. “గిప్పుడు భయమైతాంది ప్రవళికా. రాత్రి నీళ్ళు తాగేటప్పుడల్లా గొంతు చూసుకుంటున్న, పోతున్నయా పోతలేవా అని.”

ప్రవళిక లేచి నిలబడింది. లేచిందని లేచాకే తెలిసింది. పొద్దుగూకేదాకా ఆ వంటింట్లో ఆ మనిషి ఒక్కతే గొంతు తడుముకుంటూ కూర్చోవడం కళ్ళకు కట్టింది. ఇక కూర్చోవడం తన వల్ల కాలేదు. మంచంమీది బొంత లాగింది. అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన మందమైన బొంత. చేతులు లోపల ఉండేట్టు మడిచి, మెడ నుంచి పాదాలదాకా ముందర పట్టుకుంది. మెట్లు దిగొద్దు, బరువు ఎత్తొద్దు. ఎత్తింది. “అత్తమ్మా, నేను పిలిచినప్పుడే తలుపు తియ్యి. తీసి బయటికి ఉరుకు. చెప్పుల కోసం సూడకు.”

“వద్దే, బిడ్డా, వద్దే” అని వినిపిస్తుండగానే గడియ తీసింది.

హాలు చీకటిగా ఉంది, కిటికీ పరదాలు వేసి ఉన్నాయి. పాలు నేలంతా పారి ఎండిపోయాయి. గవ్వ సోఫా పక్కన నిలబడి ఉంది. నిలబడటం కాదు, వెనక కాళ్ళు పక్కకు జారిపోతుంటే ముందు కాళ్ళమీద ఒళ్ళును ఆపుకుంటోంది. దవడ వేలాడిపోయింది. మెడకింది తెల్లటి బొచ్చు తడిసి అట్టకట్టింది. ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆమె కూడా లేదు. కిటికీ దగ్గర ఇన్నాళ్ళు కలిసి చూసిన రోడ్డు లేదు. నీ తప్పేం లేదు తల్లీ, అనుకుంది, లేదా పైకే అంది, ఆమెకే తెలియదు. అంతలో అది ఎగిరింది. బొంతకు ఒక బరువు తగిలింది, గోళ్ళు పాత చీరల పొరల్లో చిక్కుకున్నాయి. ఆమె అరవలేదు. బొంతను, దానితోపాటు ఆ బరువును, సోఫా మూలకు నెట్టి పైన వదిలేసింది. లోపల అది గింజుకుంటోంది. “అత్తమ్మా, రా!” వంటింటి తలుపు తెరుచుకుంది. శ్యామలమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వచ్చింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని బయటపడ్డారు. బయటి తలుపు లాగి గొళ్ళెం పెట్టింది ప్రవళిక. ఆ తర్వాత గవ్వను ఆమె మళ్ళీ చూడలేదు. నాగేందర్ పశువుల దవాఖాన వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చేసరికి అది ఆ బొంతలోనే చనిపోయి ఉంది. పరీక్షకు పంపితే పిచ్చే అని తేలింది.

మెట్లు. ఎన్ని నెలలైంది మెట్లు దిగి. ఎండ మొహంమీద కొట్టింది, కళ్ళు మూసుకుపోయాయి. రోడ్డుమీది డాంబరు వాసన, దుమ్ము వాసన, ఎవరో మిరపకాయలు ఎండబోసిన ఘాటు. ఇంత భయంలోనూ ఊపిరి లోపలిదాకా పోయింది. ఒక మెట్టుమీద శ్యామలమ్మ, కింది మెట్టుమీద తను, పడితే పట్టుకోవడానికి ఎవరు ఎవరి ముందు నడుస్తున్నారో తెలియకుండా దిగారు. ఆటో ఆపి పెద్ద దవాఖాన అంది. దారి పొడుగునా అత్త ఆమె కడుపుమీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది, గతుకు వచ్చినప్పుడల్లా ఇంకాస్త నొక్కి.

స్నేహలత అనే చిన్న వయసు డాక్టర్ ఇద్దరి చేతులూ దీపం కింద తిప్పి చూసింది. మళ్ళీ సబ్బుతో కడిగించింది.

“పెంపుడు పిల్లేనా? సూదులు వేయించిన్రా?”

“లేదమ్మా,” అంది శ్యామలమ్మ, ప్రవళిక నోరు తెరిచేలోపే. “గడప దాటదని వేయించలే. నేనే వద్దన్న.”

“చాలామంది గట్లనే అనుకుంటరు అవ్వా. అది బయటికి పోకున్నా, బయటిది లోపలికి వస్తది గదా. ఇంట్ల ఉన్నదైనా వేయించాలె.” డాక్టర్ కసరలేదు. అది ఇంకా కష్టంగా ఉన్నట్టుంది శ్యామలమ్మకు, తల దించుకుంది.

“నా కోడలు కడుపుతోని ఉన్నది,” అంది, నేల చూస్తూనే. “ఇది మూడోది. రెండు పోయినయ్.”

“కడుపుతోని ఉన్నా వేసుకోవాలె. వేసుకోకుంటేనే ప్రమాదం. బిడ్డకేం కాదు. ఇయ్యాల జబ్బకు ఒకటి, మళ్ళ చెప్పిన రోజులల్ల ఇంకొన్ని, గాటు చుట్టూ ఇంకో మందు సూదితోనే. గాటు కాడ మాత్రం జర నొస్తది.”

“కడుపు ముట్టరు గదా?”

“ముట్టం అవ్వా.”

నర్సు సూది సిద్ధం చేసి ప్రవళికను రమ్మంది. ప్రవళిక స్టూలు దగ్గరికి పోయింది. అంతలో శ్యామలమ్మ ఆమె భుజం పట్టి వెనక్కి జరిపి తను కూర్చుంది. “ముందు నాకియ్యి,” అంది నర్సుతో. “నాకెట్లుంటదో సూసినంక దానికియ్యి.” మొన్నటి నుంచి కప్పుకున్న కొంగు తీసేసింది. మోచేయి కింద గీత నల్లగా, చుట్టూ వాచి ఉంది. సూది ఆ వాపులోకి ఒక పక్క దిగింది, బయటికి వచ్చి ఇంకో పక్క దిగింది. శ్యామలమ్మ కళ్ళు మూయలేదు, కోడలి మొహమే చూస్తోంది. చెప్పుల్లేని ఆమె పాదాలు చూసింది ప్రవళిక. వేళ్ళు ముడుచుకొని బండను గట్టిగా పట్టుకున్నాయి.

“ఏం లేదు బిడ్డా,” అంది శ్యామలమ్మ, నీళ్ళు నిండిన కళ్ళతో, లేచి స్టూలు ఆమె వైపు జరుపుతూ. “సీమ కుట్టినట్టే ఉన్నది. రా, కూసో.”